ధనుర్మాసంలో చెన్నై కచేరీలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

డిసెంబరు నెల దగ్గర పడేకొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చెన్నై సంగీత సభల ప్రస్తావన ఎక్కువవుతుంది. ఈసారి అటువంటి ఉత్తరాలనే ఎంచుకుని, వాటికి నా అనుభవం మేరకు సమాధానాలు రాస్తున్నాను. కొన్ని ప్రశ్నలకు రెండు మాటలు చాలు. కొన్నింటికి చాలవు.

ప్రశ్న: మేమిద్దరం ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేశాం. డిసెంబరు చివరి వారమంతా చెన్నైలో ఉండబోతున్నాం. ఇన్నేళ్లూ రేడియోలో విన్న సంగీతాన్ని ఎదురుగా కూర్చుని వినే అవకాశం ఇన్నాళ్లకు వచ్చింది కనుక ఏడు రోజుల్లో వీలైనన్ని కచేరీలు వినాలని ఆశ. రోజుకు ఎన్ని వినవచ్చు? ఏ సభలకు వెళ్లాలి? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

రోజుకు రెండు వినండి. మూడోది వినాలనిపించినా ఆ కోరికను మర్నాటికి దాచుకోండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒక సభ నుంచి మరో సభకు పరుగెత్తాను. నాలుగో రోజుకు ఎవరు ఏ రాగం పాడారో కూడా గుర్తులేని స్థితి వచ్చింది. తోడి ఆలాపన చెవిలో స్థిరపడకముందే మరొకరి కాంభోజి వచ్చి దాన్ని తుడిచేసింది. ఇంత దూరం వచ్చి, ఇంత మంచి సంగీతం విని, చివరికి ఏదీ మిగుల్చుకోలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఆ పొరపాటు మీరు చేయకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ రెండింటిలో ఒకటి మధ్యాహ్నం కచేరీ కావాలి. పేరున్న విద్వాంసులు సాయంత్రం వేళల్లో పాడతారు, ఆ కచేరీలకు టిక్కెట్లు ముందే అయిపోవచ్చు. మధ్యాహ్నం వేళలను చాలా సభలు యువ కళాకారులకు కేటాయిస్తాయి, వాటిలో అనేకం ఉచితం. ఏడాది పొడవునా సాధన చేసి, తమకు దొరికిన ఆ గంటన్నర కోసం ఎదురుచూసిన పిల్లలు పదిహేనుమంది శ్రోతల ముందు కూడా ప్రాణం పెట్టి పాడతారు. హాలు ఖాళీగా ఉంటుంది కనుక మీకు నచ్చిన చోట కూర్చోవచ్చు, గాయకుడి ముఖంలో ఆలోచన కదలడం కూడా కనిపిస్తుంది. ఈ వారంలో మీరు వినబోయే అత్యుత్తమమైన కచేరీ ఇటువంటిదే అయినా నేను ఆశ్చర్యపోను.

సభల విషయానికి వస్తే, అన్నింటికీ వెళ్లాలనుకోకండి. మ్యూజిక్ అకాడమీ, నారద గాన సభ రెండూ టి.టి.కె. రోడ్డు మీదనే ఉన్నాయి. మైలాపూరులో భారతీయ విద్యాభవన్, మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్ క్లబ్ ఉన్నాయి. టి. నగర్‌లో కృష్ణ గాన సభ, వాణీమహల్ ఉన్నాయి. వాణీమహల్‌ను నడిపే త్యాగబ్రహ్మ గాన సభ పుట్టుక వెనుక మన చిత్తూరు నాగయ్యగారి కృషి ఉందని తెలిస్తే మీరు అక్కడ మరింత ఆత్మీయంగా కూర్చుంటారు. ఒక రోజుకు ఒకే ప్రాంతాన్ని ఎంచుకుంటే ఆటోల కోసం, ట్రాఫిక్‌లో పోయే సమయం మిగులుతుంది. ఆ మిగిలిన సమయాన్ని విశ్రాంతికే వాడండి. హాళ్లలో ఏసీ చలి ఎక్కువగా ఉంటుంది కనుక శాలువా, డిసెంబరులోనూ ఈశాన్య రుతుపవనాల వాన పడుతుంది కనుక గొడుగు, రెండూ సంచిలో ఉండాలి.

ఉదయం వేళ మీకు ఓపిక ఉంటే అకాడమీలో ఎనిమిది గంటల ప్రాంతంలో మొదలయ్యే సోదాహరణ ప్రసంగాలకు ఒకటి రెండు రోజులు వెళ్లండి. ఉపాధ్యాయులు కనుక మీకు అవి మరింత నచ్చుతాయి. ఒక రాగం పాత గ్రంథాల్లో ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా మారింది, ఒక వాగ్గేయకారుడి చరణాల్లో పాఠభేదాలు ఎందుకు వచ్చాయి వంటి విషయాల మీద విద్వాంసులు పాడి చూపిస్తూ మాట్లాడతారు.

ప్రశ్న: నాకు సంగీతం వినడం ఇష్టం, కానీ రాగాలు గుర్తుపట్టడం రాదు. పక్కనున్నవాళ్లు తాళం వేస్తూ తలలూపుతుంటే నేను మాత్రం బయటివాడిలా కూర్చోవలసి వస్తుందేమోనని భయం. ఏదైనా నేర్చుకుని వెళ్లాలా? (వరంగల్లు నుంచి ఒక విద్యార్థి)

రాగాల పేర్లు నేర్చుకోనవసరం లేదు. రెండు విషయాలు మాత్రం తెలుసుకుని వెళ్లండి: తాళం వేయడం, కచేరీ నడిచే క్రమం.

ఆది తాళానికి ఎనిమిది లెక్కలు. తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలి నుంచి మూడు వేళ్లు, ఆపైన దెబ్బ వేసి చేతిని వెనక్కి తిప్పడం రెండుసార్లు. వారం రోజులు ఇంట్లో ఏ పాటకైనా ఇలా వేసి చూస్తే చేతికి అలవాటవుతుంది. ‘తకిట తకధిమి’ అని ఏడు లెక్కల్లో నడిచే మిశ్రచాపు కూడా వస్తే కచేరీలో చాలా భాగం మీ చేతిలో ఉన్నట్టే. తాళం వేస్తున్న మనిషి మనసు పక్కకు పోదు, అదే దాని అసలు ప్రయోజనం.

ఇక కచేరీ క్రమం. ఇప్పుడు మనం వింటున్న పద్ధతికి రూపం ఇచ్చినవారు అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890–1967) అని చెబుతారు. వర్ణంతో మొదలుపెట్టి, గొంతూ వేళ్లూ వేడెక్కాక కొన్ని చిన్న కృతులు, ఆ తర్వాత ప్రధాన రాగం, చివర పదాలు, జావళీలు, తిల్లానా వంటి తేలికపాటి రచనలు, మంగళం. రెండున్నర గంటల కచేరీలో ప్రధాన కృతి ఒక్కటే గంటకు దగ్గరగా సాగవచ్చు, మీ శ్రద్ధనంతా అక్కడ ఉంచండి.

ఉదాహరణకు ఆ రోజు ప్రధాన రాగం కల్యాణి అనుకుందాం. మొదట మాటలు లేకుండా, తాళం లేకుండా గాయని రాగాన్ని ఆలాపన చేస్తుంది. కింది స్థాయిలో మెల్లగా మొదలుపెట్టి ఒక్కొక్క స్వరం దగ్గర ఆగుతూ పైషడ్జం (పై స్థాయి ‘స’) దాకా ఎక్కి, తిరిగి దిగివస్తుంది. తర్వాత అదే రాగాన్ని వయొలిన్ విద్వాంసుడు తన ధోరణిలో వినిపిస్తాడు. గాయని పాడిన సంగతుల్లో (స్వరాల అల్లికల్లో) ఏవి ఆయన అందుకున్నాడో, ఏవి వదిలి తన సొంతం చేర్చాడో గమనిస్తే వేదిక మీద జరుగుతున్న సంభాషణ మీకు వినబడుతుంది. ఆ తర్వాత కృతి. అది త్యాగరాజస్వామి ‘నిధి చాల సుఖమా’ అయితే మిశ్రచాపులో ఉంటుంది, అంటే మీరు నేర్చుకున్న ఏడు లెక్కలు అక్కడ పనికివస్తాయి. చరణంలో ‘మమత బంధనయుత నరస్తుతి సుఖమా’ అన్న పాదం దగ్గర గాయని ఆగి, మాటలు అవే ఉంచి, తాళంలో వాటి చోట్లూ అవే ఉంచి, స్వరగతిని మాత్రం ప్రతిసారీ కొత్తగా అల్లడం మొదలుపెడుతుంది. దీన్నే నెరవు అంటారు. నరుణ్ణి పొగడడం సుఖమా అన్న ప్రశ్న ఒకసారి జాలిగా, ఒకసారి నిలదీసినట్టు, ఒకసారి తనను తానే ప్రశ్నించుకున్నట్టు వినిపిస్తుంది. తెలుగు తెలిసిన మీకు ఆ తేడా ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలుస్తుంది. రాగం పేరు ఠక్కున చెప్పగలిగి భాష తెలియని శ్రోతకు అందని అనుభవం అది.

నెరవు తర్వాత కల్పనస్వరాలు వస్తాయి. గాయని స రి గ మ లను అప్పటికప్పుడు అల్లుకుంటూ వెళ్లి ప్రతిసారీ ఆ పాదంలోని అదే చోటికి సరిగ్గా వచ్చి దిగుతుంది. మీ చేతిలో తాళం ఉంటే ఆ దిగడం కోసం మీరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. అటువంటప్పుడు మీరు బయటివారెలా అవుతారు?

ప్రశ్న: మా అమ్మాయితో కలిసి పోయినేడు రెండు రోజులు చెన్నైలో కచేరీలు విన్నాను. గొంతులు అద్భుతం. కానీ తెలుగు మాటలను విరిచి పాడుతుంటే ప్రాణం విలవిల్లాడింది. ‘భ’ ‘బ’ అయింది, ‘గ’ ‘క’ అయింది, ఒక మాటలో సగం మరొక మాటకు అతుక్కుంది. మన సాహిత్యాన్ని మనమే కాపాడుకోలేకపోతున్నామా? (విజయనగరం నుంచి ఒక పాఠకురాలు)

అమ్మా, మీ బాధ న్యాయమైనదే, నేనూ దాన్ని చాలాసార్లు అనుభవించాను. కానీ దానికి కారణాలు తెలిస్తే కోపం కొంత తగ్గుతుంది, వినడం కూడా కొంత సులువవుతుంది.

మొదటి కారణం లిపి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం ఉంది. ట వర్గానికీ, త వర్గానికీ, ప వర్గానికీ అంతే. తెలుగు కృతులను తమిళ లిపిలో అచ్చు వేసేటప్పుడు అక్షరం పక్కన చిన్న అంకెలు వేసి ఈ తేడాలను చూపించే పద్ధతి ఉంది, కానీ ఆ అంకెలను పట్టించుకోకుండా నేర్చుకున్న గొంతులో తేడా పోతుంది. రెండో కారణం సంగీతంలోనే ఉంది. తాళంలో పల్లవి ఎత్తుకునే చోటు, సంగతులు వేసేటప్పుడు అచ్చును సాగదీయవలసిన చోటు మాటల విరుపుతో ఎప్పుడూ కలిసిరావు. త్యాగరాజస్వామి రచనలోనే యతి కోసం, ప్రాస కోసం మాట మధ్యలో పాదం విరిగే చోట్లున్నాయి. అటువంటి చోట తెలుగు గాయకులు పాడినా విరుపు వినబడుతుంది. కనుక విన్న ప్రతి విరుపునూ ఉచ్చారణ దోషంగా లెక్కించకూడదు.

మూడో విషయం నాకు అన్నిటికన్నా ముఖ్యం. త్యాగరాజస్వామి (1767–1847) పుట్టింది తిరువారూరులో, జీవించింది తిరువయ్యారులో. ఆయన కృతులు ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం, వాలాజాపేట శిష్య పరంపరల ద్వారా మనకు దక్కాయి. వాలాజాపేట శిష్యులు రాసుకున్న ప్రతులను మధురైలో స్థిరపడిన సౌరాష్ట్ర సముదాయం వారు భద్రపరిచారు. తెలుగు ఇంటిభాష కాని కుటుంబాలు తరతరాలుగా ఈ పాటలను కంఠస్థం చేసి, రోజూ పాడి, తమ పిల్లలకు నేర్పకపోతే ఈ రోజు విరిచి పాడడానికైనా మన దగ్గర ఇన్ని కృతులు ఉండేవి కావు. ఈ రుణాన్ని మనం నిండు మనసుతో ఒప్పుకోవాలి.

ఒప్పుకున్నాక, చేయవలసింది కూడా చేయాలి. ఈ తరం గాయకుల్లో తెలుగు నేర్చుకుని, అర్థం అడిగి తెలుసుకుని పాడేవారు ఎందరో ఉన్నారు. కచేరీ అయ్యాక వేదిక దగ్గరకు వెళ్లి, ముందు వారు బాగా పాడిన దాన్ని మెచ్చుకుని, తర్వాత ‘ఆ చరణంలో ఈ మాట ఇలా విడిపోతుందమ్మా’ అని నెమ్మదిగా చెప్పండి. నేను అలా చెప్పిన సందర్భాల్లో ఒక్కరూ నొచ్చుకోలేదు. ఒకావిడ అక్కడికక్కడే పుస్తకం తీసి దిద్దుకున్నారు. మీరు విజయనగరం వారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా మహారాజావారి సంగీత కళాశాల మొదలైన ఊరు మీది. మీ అమ్మాయి పాడుతుందో లేదో మీరు రాయలేదు. పాడితే మాత్రం ఆ మధ్యాహ్నం కచేరీల్లో స్పష్టమైన తెలుగు వినిపించే గొంతుల కోసం చోటు ఎప్పుడూ ఉంటుంది.

ప్రశ్న: ఈ ఉత్సవాలు డిసెంబరులోనే ఎందుకు జరుగుతాయి? ధనుర్మాసం కనుకనా? (నెల్లూరు నుంచి ఒక పాఠకుడు)

ధనుర్మాసం ఒక కారణం, కానీ అదే మొదటిది కాదు. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దానితో పాటు అఖిల భారత సంగీత సదస్సు కూడా ఏర్పాటు చేశారు. ఆ సదస్సు సంకల్పం నుంచి 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఏటా జరిపే సదస్సు, దాని పక్కన కచేరీలు అలా స్థిరపడ్డాయి. తర్వాత వచ్చిన సభలు కూడా అదే కాలాన్ని ఎంచుకోవడంతో నగరమంతా ఉత్సవం అయింది. అన్ని సభలూ అకాడమీ తర్వాతివే అనుకోకండి, చెన్నై తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్)లోని పార్థసారథిస్వామి సభ 1900 నాటిది. 2017లో యునెస్కో చెన్నైని సంగీత విభాగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది.

ఇందులో మనవారి పాత్ర చిన్నది కాదు. అకాడమీ 1941 సదస్సుకు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అధ్యక్షత వహించారు. అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు 1978లో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికి, 1983లో శ్రీపాద పినాకపాణిగారికి, 1991లో నేదునూరి కృష్ణమూర్తిగారికి లభించింది.

మీరడిగిన ధనుర్మాసాన్ని చూడాలంటే ఒక తెల్లవారుజామున మైలాపూరు కపాలీశ్వరస్వామి గుడి చుట్టూ ఉన్న మాడవీధుల్లోకి వెళ్లండి. భజన బృందాలు పాడుతూ తిరుగుతాయి. వాగ్గేయకారుడు పాపనాశం శివన్ ఎన్నో ఏళ్లు ఈ వీధుల్లోనే మార్గళి (తమిళంలో ధనుర్మాసం) భజన నడిపించారు. దానికి టిక్కెట్టూ లేదు, కుర్చీలూ లేవు.

ప్రశ్న: తని ఆవర్తనం (మృదంగం, ఘటం వంటి లయవాద్యాలు మాత్రమే వినిపించే భాగం) మొదలవగానే హాల్లో సగంమంది లేచి వెళ్లిపోతున్నారు. నేను మృదంగం నేర్చుకుంటున్నాను కనుక నాకు చాలా బాధగా ఉంటుంది. ఇది తప్పు కాదా? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

తప్పే. రెండు గంటల పాటు గాయకుడి ప్రతి మలుపునూ ముందే ఊహించి, ఆయన గొంతుకు అడుగడుగునా తోడు నిలిచిన కళాకారుడికి తన మాట తాను చెప్పుకునే అవకాశం ఆ పది పదిహేను నిమిషాలే. సరిగ్గా అప్పుడే కుర్చీలు కిర్రుమంటాయి, క్యాంటీన్ వైపు తలుపు తెరుచుకుంటుంది. సభల క్యాంటీన్లంటే నాకూ ఇష్టమే. ఆ టిఫిన్ కోసమే వచ్చేవారిని కూడా నేను తప్పు పట్టను, కానీ వెళ్లవలసినవారు ఒక కృతి ముగిసి మరొకటి మొదలయ్యే మధ్యలో వెళ్లవచ్చు.

వెళ్లిపోయేవారిలో చాలామంది తనిలో ఏం వినాలో తెలియక వెళ్తారని నా నమ్మకం. మీవంటివారు పక్కవారికి ఒక్క మాట చెప్పవచ్చు: తాళం వదలకుండా వేస్తూ ఉండండి, మృదంగం, ఘటం వంతులవారీగా వాయించే భాగాలు క్రమంగా చిన్నవవుతూ దగ్గరకు వస్తాయి, చివర మోహర అనే లయ అల్లిక, ఆపైన మూడుసార్లు వచ్చే కోర్వ అనే ముగింపు అల్లిక, ఆ మూడోసారి ముగియగానే గాయకుడు పాదం అందుకుంటాడు. ఇంతమాత్రం తెలిసిన మనిషి ఆ ముగింపు వినకుండా లేవలేడు.

ప్రశ్న: కొన్ని హాళ్లలో శబ్దం భరించలేనంత ఎక్కువగా ఉంటోంది. మా నాన్నగారికి వినికిడి సమస్య మొదలవుతోంది. ఆయనను తీసుకువెళ్లవచ్చా? (కర్నూలు నుంచి ఒక పాఠకురాలు)

వైద్యుణ్ణి ఒకసారి అడిగి తీసుకువెళ్లండి, కానీ కూర్చునే చోటును మీరే జాగ్రత్తగా ఎంచుకోండి. మొదటి వరుసల్లో, గోడవారగా, స్పీకర్లకు ఎదురుగా కూర్చోవద్దు. హాలు మధ్యలో, రెండు వైపుల స్పీకర్లకు సమాన దూరంలో ఉన్న కుర్చీలు మేలు. పని స్థలాల్లో వినికిడి రక్షణకు వాడే ఒక ప్రమాణం ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదు. ఆపైన ప్రతి మూడు డెసిబెళ్లకు ఆ గడువు సగమవుతుంది. అంటే 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు గంటలే. రోజుకు రెండు కచేరీలు చాలని నేను పైన చెప్పినదానికి ఇది కూడా ఒక కారణం.

తంబురా శ్రుతి వినబడనంతగా మృదంగం మైకును పెంచడం సంగీతానికే హాని చేస్తుంది. ఈ విషయం నిర్వాహకులకు విరామంలో మర్యాదగా చెప్పండి. నలుగురు శ్రోతలు చెబితే ధ్వనిని తగ్గించిన సభలను నేను చూశాను. వీలైతే నాన్నగారిని మైలాపూరు పరిసరాల్లో అప్పుడప్పుడు జరిగే మైకు లేని కచేరీకి తీసుకువెళ్లండి. ముప్ఫై నలభైమంది కూర్చునే గదిలో గొంతు, వయొలిన్, మృదంగం తమ సహజమైన ధ్వనితో కలిసి వినబడితే ఆయనకు ఎంతో హాయిగా ఉంటుంది.

ప్రశ్న: తొమ్మిదేళ్ల మా బాబు పూర్తి కచేరీ కూర్చుంటాడా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

బహుశా కూర్చోడు, బలవంతపెట్టకండి. గంటన్నరలో ముగిసే మధ్యాహ్నం కచేరీకి తీసుకువెళ్లి, తలుపుకు దగ్గరగా కూర్చుని, వాడు కదలడం మొదలుపెట్టగానే పాటకు పాటకు మధ్యలో బయటికి రండి. ఘటం ఉన్న కచేరీ అయితే ఇంకా మంచిది, కుండ మీద వాయించే చేతులను పిల్లలు రెప్ప వేయకుండా చూస్తారు.

ప్రశ్న: చెన్నైలో వారం గడిపాక మరో రెండు రోజులు మిగులుతాయి. తిరువయ్యారు వెళ్లాలని ఉంది. అప్పుడు ఆరాధన జరుగుతుందా? (అనంతపురం నుంచి ఒక పాఠకుడు)

త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథినాటి ఉత్సవమైన ఆరాధన పుష్య బహుళ పంచమినాడు, అంటే సాధారణంగా జనవరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో వస్తుంది. డిసెంబరు చివర మీకు పందిళ్లూ ఉండవు, స్వామివారి పంచరత్న కృతులను అందరూ కలిసి పాడే గోష్ఠీ ఉండదు. అయినా వెళ్లండి. చెన్నై నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి తంజావూరు చేరవచ్చు. అక్కడి నుంచి తిరువయ్యారు పదమూడు కిలోమీటర్ల దూరం.

కావేరి ఒడ్డున స్వామి సమాధి దగ్గర జనం లేని వేళ కూర్చోవడానికి ఒక విలువ ఉంది. ఆ సమాధి ఒకప్పుడు ఆలనాపాలనా లేకుండా పడి ఉంటే, బెంగళూరు నాగరత్నమ్మగారు 1920లలో తన సొమ్ముతో స్థలం సంపాదించి గుడి కట్టించారు. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనం’ కావ్యాన్ని 1910లో పూర్తి పాఠంతో పరిష్కరించి ప్రచురించిన విదుషీమణి ఆవిడే. ఆ రోజుల్లో ఆరాధనలో స్త్రీలను పాడనిచ్చేవారు కాదు. ఆవిడ స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపారు. 1940 ప్రాంతంలో, వేర్వేరుగా ఆరాధన జరుపుతున్న బృందాలన్నీ ఏకమై, స్త్రీలూ పురుషులూ అక్కడ పాడే రోజు వచ్చింది. 1952లో ఆవిడ కన్నుమూశారు. స్వామి సమాధికి ఎదురుగా, చేతులు జోడించి కూర్చున్న ఆవిడ విగ్రహం ఉంటుంది. దర్శనం అయ్యాక వెనుదిరిగినప్పుడు ఆవిడ దగ్గర కూడా ఒక నిమిషం ఆగి రండి.